సెక్షన్ వేరు, గ్రూపు వేరు

జూన్‌లో బడులు తెరిచాక హైస్కూలు స్టాఫ్‌రూముల్లో అన్నిటికన్నా ఎక్కువగా నలిగే మాట టైమ్‌టేబుల్. ఒకప్పుడు సీనియర్ టీచరు ఒకరు పెద్ద చార్టు ముందేసుకుని, పెన్సిల్‌తో గళ్లు నింపుతూ, చెరుపుతూ, మళ్లీ నింపుతూ దాన్ని తయారుచేసేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని కంప్యూటర్ చేతికి వచ్చింది. రుమేనియాకు చెందిన లివియు లాలెస్కు 2002లో మొదలుపెట్టి ఉచితంగా అందిస్తున్న ఫెట్, స్లోవేకియాలో తయారైన ఏఎస్‌సీ టైమ్‌టేబుల్స్, ఆస్ట్రియా వారి ఉంటిస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ప్రపంచమంతటా బడుల్లో నడుస్తున్నాయి. వీటిని వాడేవాళ్లకు ఎదురయ్యే చిక్కులు ప్రధానంగా రెండు. మొదటిది, ఎంతసేపు తిప్పినా టైమ్‌టేబుల్ రాకపోవడం. రెండోది, చక్కగా అచ్చయి వచ్చాక సోమవారం పొద్దున బడిలో అమలుచేయబోతే పొసగకపోవడం. రెండు సందర్భాల్లోనూ నింద సాఫ్ట్‌వేర్ మీదికి పోతుంది. నా ఉద్దేశంలో ఈ రెండింటి మూలమూ చాలావరకు ఒక్కచోటే ఉంది. ఏ పిల్లలు ఎవరితో కలిసి ఏ పాఠం వింటారు, ఆ పాఠం ఏ టీచరు చెబుతారు అన్న గ్రూపుల వివరం మనం సరిగ్గా రాసి ఇవ్వకపోవడమే ఆ మూలం. ఆ వివరం సరిగ్గా ఉంటే మిగతా పని యంత్రం చూసుకుంటుంది. అది తప్పితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా మనల్ని గట్టెక్కించలేదు.

సాఫ్ట్‌వేర్‌కు బడి గురించి తెలిసింది చాలా తక్కువ. ఒక మనిషి ఒకే సమయంలో రెండు గదుల్లో ఉండలేడన్నది దానికి తెలిసిన అసలు సూత్రం. టీచర్ల తీరికలు, ల్యాబ్ ఖాళీలు, వరుస పీరియడ్లు లాంటి షరతులన్నీ ఆ తర్వాత చేరేవి. అయితే ఆ మనిషి ఎవరో మనమే చెప్పాలి. తొమ్మిదో తరగతి ఎ సెక్షన్ అని రాస్తే, అది నలభై మంది పిల్లలని దానికి తోచదు. అదంతా కలిసి ఒక్క ప్రాణి అనుకుంటుంది. ఉర్దూ గ్రూపు అని వేరే పేరు రాస్తే అది ఇంకొక ప్రాణి. ఆ ఇద్దరికీ చుట్టరికం ఉందని, ఎ సెక్షన్‌లోని పదిహేను మందే ఉర్దూ గ్రూపులోనూ ఉన్నారని మనం చెప్పకపోతే దానికి తెలిసే దారి లేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం అది. కాబట్టి సెక్షన్‌కూ గ్రూపుకూ తేడా ముందు మన మనసులో స్థిరపడాలి. సెక్షన్ అంటే హాజరుపట్టీ కోసం, గదుల కోసం మనం చేసుకున్న ఏర్పాటు. గ్రూపు అంటే ఒక పాఠానికి నిజంగా ఒకచోట కూర్చునే పిల్లలు. అన్ని పాఠాలకూ సెక్షన్ మొత్తం కలిసే కూర్చునే బడిలో ఈ రెండూ ఒకటే అవుతాయి. మన రాష్ట్రాల్లోని చాలా హైస్కూళ్లలో మాత్రం భాషల పీరియడ్ రాగానే రెండూ విడిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వారానికి ఆరు రోజులు, రోజుకు 8 పీరియడ్లు, మొత్తం 48. తొమ్మిది ఎ సెక్షన్‌లో 40 మంది పిల్లలు. వారిలో 25 మందికి తెలుగు ప్రథమ భాష, 15 మందికి ఉర్దూ. బి సెక్షన్‌లో 38 మంది. వారిలో 30 మందిది తెలుగు, 8 మందిది ఉర్దూ. ప్రథమ భాషకు వారానికి 6 పీరియడ్లు, మిగతా 42 పీరియడ్లు ఇతర సబ్జెక్టులకు. బడిలో ఉర్దూ టీచరు ఒక్కరే. ఈ సంగతిని సాఫ్ట్‌వేర్‌లో మూడు రకాలుగా రాయవచ్చు. మొదటి రకంలో, తొమ్మిది ఎ పేరు మీద తెలుగు 6 పీరియడ్లు, అదే ఎ పేరు మీద ఉర్దూ 6 పీరియడ్లు ఎక్కిస్తాం. సాఫ్ట్‌వేర్ రెండింటినీ కూడి 42కు కలుపుతుంది. 54 అవుతాయి. ఉన్నవి 48. ఇక అది ఎన్ని గంటలు తిరిగినా టైమ్‌టేబుల్ రాదు, రాకూడదు కూడా. రెండో రకంలో, ఈ గొడవంతా ఎందుకని ఉర్దూ పిల్లల కోసం తొమ్మిది ఉర్దూ అని ఒక కొత్త తరగతినే సృష్టిస్తాం. అప్పుడు టైమ్‌టేబుల్ క్షణాల్లో వస్తుంది. ఎక్కడా ఎర్ర గీత కనబడదు. తీరా చూస్తే మంగళవారం మూడో పీరియడ్‌లో ఎ సెక్షన్‌కు లెక్కలు, అదే పీరియడ్‌లో తొమ్మిది ఉర్దూకు ఉర్దూ. ఆ పదిహేను మంది పిల్లలు ఎక్కడ ఉండాలి? మొదటి తప్పు మనల్ని ఆఫీసు గదిలోనే ఆపేసింది. ఈ రెండో తప్పు బడి నడిచే రోజు దాకా దాగి ఉంది. అందుకే రెండిట్లో ఇదే ఎక్కువ ప్రమాదం.

మూడో రకమే సరైనది. ఎ సెక్షన్‌ను భాష ప్రకారం తెలుగు, ఉర్దూ అని రెండు గ్రూపులుగా విడగొట్టాలి. బి సెక్షన్‌నూ అలాగే చేయాలి. తర్వాత ఉర్దూ పాఠాన్ని ఒక్క పాఠంగా, ఒక్క టీచరుతో, ఎ ఉర్దూ, బి ఉర్దూ గ్రూపులు రెండింటికీ కలిపి రాయాలి. తెలుగు పాఠాలు రెండూ విడిగా, ఇద్దరు తెలుగు పండితుల పేర్ల మీద రాయాలి. ఇప్పుడు ఎ సెక్షన్‌లో ఏ పిల్లవాడిని లెక్కపెట్టినా 42, 6 కలిసి 48 పీరియడ్లే. సెక్షన్‌లో ఖాళీ గడి ఒక్కటీ లేదు గనుక, ఉర్దూ వాళ్లు వెళ్లిన పీరియడ్‌లోనే తెలుగు వాళ్లకు తెలుగు పడి తీరుతుంది. ఈ కలపడం వల్ల ఒరిగేదేమిటో ఉర్దూ టీచరు వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, ఒక్కోదానికి రెండేసి సెక్షన్లు. రెండు సెక్షన్ల ఉర్దూ పిల్లలను కలిపి కూర్చోబెడితే ఆ టీచరుకు వారానికి 30 పీరియడ్లు. సెక్షన్‌కు సెక్షన్ విడిగా రాస్తే 60. వారంలో ఉన్నవే 48 కాబట్టి అది సాధ్యం కాని పని. ఆ బడిలో ఇద్దరు కాక ఒక్కరే తెలుగు పండితులు ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. 55 మంది తెలుగు పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టాలా, ఉర్దూను విడగొట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక టీచరు ఉండాలని చెబుతోంది. ఆ తరగతుల్లో 55 మందిని ఒక గదిలో కూర్చోబెట్టే నిర్ణయం తేలికగా తీసుకునేది కాదు. ఆ నిర్ణయం హెడ్‌మాస్టర్ తీసుకోవాలి. గ్రూపులు సరిగ్గా రాస్తే ఆ ప్రశ్న ముందే బయటపడుతుంది.

ఇదంతా ఉర్దూ ఉన్న కొన్ని బడుల గోలేనని కొందరు అనవచ్చు. కాదు. తెలుగుతో సంస్కృతం కలిసిన కాంపోజిట్ కోర్సు ఉన్న బడుల్లో ఇదే ప్రశ్న వస్తుంది. తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం తెలుగు బోధన ఇతర బోర్డుల బడులకూ తప్పనిసరి అయ్యింది. హిందీ, ఫ్రెంచి, సంస్కృతం ఐచ్ఛికంగా ఉన్న పెద్ద ప్రైవేటు బడుల్లో తెలుగు కూడా చేరినప్పుడు పిల్లలు భాషల వరుసలో రకరకాలుగా విడిపోతారు. ప్రభుత్వ హైస్కూళ్లలో ఒకేషనల్ ట్రేడులు, ఆటల్లో బాలురు, బాలికలు, ల్యాబ్‌లో బ్యాచ్‌లు, ఇవన్నీ ఇదే కోవలోవి. ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. ప్రథమ భాష ఉర్దూ అయిన పిల్లలు, మిగతావాళ్లు హిందీ చదివే పీరియడ్‌లో ద్వితీయ భాషగా తెలుగు చదువుతారనుకుందాం. అంటే హిందీ పీరియడ్‌లోనూ చీలేది అదే గీత మీద, ఆ పిల్లలే. అప్పుడు ప్రథమ భాషకు ఒక విభజన, ద్వితీయ భాషకు ఇంకొక విభజన అని రెండు రాయకూడదు. వేర్వేరు విభజనల గ్రూపుల్లో పిల్లలు కలగలిసి ఉండవచ్చని ఏఎస్‌సీ లాంటి సాఫ్ట్‌వేర్ భావిస్తుంది. దాంతో హిందీ పిల్లలూ ఉర్దూ పిల్లలూ పూర్తిగా వేరే అయినా, వాళ్ల పాఠాలు ఒకే పీరియడ్‌లో పడకుండా అడ్డుకుంటుంది. లేని అడ్డంకిని మనమే కట్టినట్టవుతుంది. బాలురు, బాలికల విభజన అలా కాదు. అది భాషల గీతను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. కాబట్టి దానికి వేరే విభజన రాయాల్సిందే.

గ్రూపులు ఇంత వివరంగా రాస్తే యంత్రానికి పని కష్టమైపోదా అన్నది బలమైన అభ్యంతరం. గణితశాస్త్రం కూడా ఆ మాటను కొంత సమర్థిస్తుంది. ప్రతి పాఠానికీ ఒక టీచరు, ఒక తరగతి మాత్రమే ఉండి, అందరూ అన్ని పీరియడ్లకూ అందుబాటులో ఉంటే, ఎవరి పీరియడ్లూ వారం మొత్తాన్ని మించనంత వరకు టైమ్‌టేబుల్ తప్పకుండా కుదురుతుంది. హంగరీ గణితవేత్త డేనెష్ క్యోనిగ్ 1916లో నిరూపించిన సిద్ధాంతం నుంచి ఈ భరోసా వస్తుంది. 1962లో గాట్లిబ్ అనే శాస్త్రవేత్త తరగతులు, టీచర్ల టైమ్‌టేబుల్‌ను కంప్యూటర్ పద్ధతిలో సాధించే ప్రయత్నాన్ని పరిశోధకుల ముందుంచారు. 1976లో ఈవెన్, ఇటాయ్, షమీర్ అనే ముగ్గురు ఒక చేదు నిజం రుజువు చేశారు. ఫలానా టీచరు ఫలానా పీరియడ్లకే దొరుకుతారు అన్న షరతులు చేరగానే ఈ సమస్య, ఎంత పెద్దదైనా వేగంగా తేల్చే పద్ధతి ఏదీ ఇంతవరకు దొరకని క్లిష్ట సమస్యల కోవలోకి వెళ్లిపోతుంది. ఒకే పాఠంలో రెండు సెక్షన్లు, ఇద్దరు టీచర్లు కలిసినా క్యోనిగ్ ఇచ్చిన భరోసా నిలవదు. కాబట్టి అనవసరమైన గ్రూపు ఒక్కటి ఎక్కువైనా దానికి మూల్యం ఉంటుంది. కానీ దీని నుంచి గ్రూపులు మానేయాలన్న తీర్పు రాదు. ఉన్న గ్రూపును దాచితే టైమ్‌టేబుల్ అబద్ధమవుతుంది. లేని గ్రూపును రాస్తే టైమ్‌టేబుల్ అసాధ్యమవుతుంది. నిజంగా పిల్లలున్న గ్రూపులన్నీ రాయాలి, పిల్లలు లేనిది ఒక్కటీ రాయకూడదు.

పిల్లలు లేని గ్రూపు ఎవరు రాస్తారని తేలికగా తీసేయకండి. అది చాలా సులువుగా జరిగిపోతుంది. ఫెట్‌లో ఒక తరగతిని రకరకాల వర్గాలుగా విడగొట్టే సౌకర్యం ఉంది. భాషలో 2, ఆటల్లో 2, ఒకేషనల్ ట్రేడుల్లో 3 అని ఇస్తే అది వాటిని గుణించి 12 చిన్న గ్రూపులు తయారుచేస్తుంది. మీ తొమ్మిదో తరగతిలో ఉర్దూ పిల్లల్లో వ్యవసాయం ట్రేడు తీసుకున్నవారు ఒక్కరూ లేరనుకోండి. ఆ లెక్కన ఉర్దూ, వ్యవసాయం పాఠాలు ఒకే పీరియడ్‌లో హాయిగా నడపవచ్చు. కానీ ఉర్దూ వ్యవసాయం బాలికలు అన్న ఖాళీ గ్రూపు పట్టికలో కూర్చుని ఉంటే, లేని ఆ పిల్లల కోసం సాఫ్ట్‌వేర్ రెండు పాఠాలనూ విడివిడి పీరియడ్లకు తోస్తుంది. ఇలాంటి అడ్డంకులు నాలుగు పోగైతే, రావలసిన టైమ్‌టేబుల్ కూడా రాదు. అందుకే ఈ పని గుణకారంతో కాకుండా అడ్మిషన్ రిజిస్టర్‌తో మొదలవ్వాలి. ప్రతి పిల్లవాడి పేరు ఎదుట అతని భాష, ట్రేడు, ఇతర ఐచ్ఛికాలు రాసుకుని, ఒకే రకం ఎంపికలున్న వాళ్లను ఒకచోట చేర్చాలి. అప్పుడు నిజంగా ఉన్న గ్రూపులు ఎన్నో తేలుతుంది. పన్నెండుకు బదులు ఏడో ఎనిమిదో తేలవచ్చు. టైమ్‌టేబుల్ వచ్చాక కొత్తగా చేరిన పిల్లవాడి ఎంపికలు ఈ పట్టికలో ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

టీచర్ల వైపు జరిగే తప్పులు ఇంకో తీరు. పిల్లల విషయంలో పొరపాటు గ్రూపుల చుట్టరికంలో ఉంటే, టీచర్ల విషయంలో మనిషికీ పోస్టుకూ తేడా మరిచిపోవడంలో ఉంటుంది. ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్ ఒకరు పై తరగతులకు సైన్స్, ఆరో తరగతికి లెక్కలు చెబుతుంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఆయన్ను ఒకచోట పీఎస్ అని, ఇంకోచోట మ్యాథ్స్ రెండు అని రాస్తే, అది ఇద్దరు మనుషులనుకుని ఇద్దరికీ ఒకే పీరియడ్‌లో పాఠం వేస్తుంది. దీనికి పూర్తిగా తిరగబడినది ఖాళీ పోస్టుల సంగతి. మూడు పోస్టులు ఖాళీగా ఉంటే, ఆ పాఠాలన్నింటికీ టీచరు పేరు దగ్గర ఖాళీ అని రాసేస్తారు. ఒక్కో పోస్టుకు 20 చొప్పున 60 పీరియడ్లు ఆ ఖాళీ అనే ఒక్క మనిషి నెత్తిన పడతాయి. 48 పీరియడ్ల వారంలో అది ఎన్నటికీ కుదరదు. ఒక్కో ఖాళీకి ఒక్కో పేరు పెట్టాలి, లేదా టీచరు గడిని వదిలేయాలి. మూడో పొరపాటు, ఇద్దరు తెలుగు పండితుల్లో ఎవరు చెప్పినా ఫర్వాలేదని ఇద్దరి పేర్లూ ఒకే పాఠానికి రాయడం. ఎవరో ఒకరు అన్న అర్థం సాఫ్ట్‌వేర్‌కు అందదు. ఇద్దరూ కలిసి ఆ గదిలో ఉండాలని తీసుకుంటుంది. ఆ ఆరు పీరియడ్లూ రెండో పండితులు వేరే తరగతికి అందకుండా పోతారు.

ఇంత తంటా ఎందుకు, చేత్తో వేసే రోజుల్లో ఏ గ్రూపూ రాయకుండానే టైమ్‌టేబుల్ నడిచింది కదా అని అనుభవజ్ఞులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చార్టు ముందు కూర్చున్న టీచరు కూడా గ్రూపుల లెక్క చేశారు, కాకపోతే తలలో చేశారు. ఎ సెక్షన్ తెలుగు పెట్టిన గడిలోనే బి సెక్షన్ తెలుగు పెట్టాలని, అప్పుడే ఉర్దూ సార్ ఖాళీగా ఉండాలని ఏళ్ల తరబడి చేసిన అలవాటు కొద్దీ ఆయనకు తెలుసు. ఆయనకు బదిలీ అయిన రోజున ఆ లెక్క కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది. కొత్త ఇన్‌చార్జ్ మొదటినుంచీ మొదలుపెట్టాలి. గ్రూపులు రాసి పెట్టుకున్న బడిలో ఆ బాధ ఉండదు. చేతిపనికి ఒక గొప్ప సుగుణం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. గడి నింపుతున్నప్పుడే ఆ పదిహేను మంది ముఖాలు ఆయనకు గుర్తొచ్చేవి. యంత్రంతో చేసేటప్పుడు ఆ సుగుణాన్ని పోగొట్టుకోకూడదంటే, ఆ ముఖాలను ముందుగానే గ్రూపుల పట్టికలోకి తేవాలి.

చిన్న బడులకు ఇది పట్టదన్న మాటలో కొంత నిజం ఉంది. తరగతికి ఒక్క సెక్షన్, అందరికీ ఒకే భాష ఉన్న బడిలో గ్రూపుల పని పది నిమిషాల్లో ముగుస్తుంది, చేతిరాత టైమ్‌టేబులే చాలు. అయితే ఇద్దరే టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలో ఐదు తరగతులుంటే, అక్కడ గ్రూపు తప్ప ఇంకేమీ లేదు. ఒకటి, రెండు తరగతులు ఒకరి దగ్గర, మూడు నుంచి ఐదు దాకా ఇంకొకరి దగ్గర కూర్చుంటాయి. ఆ తరగతులను కలిపి ఒక్క పాఠంగా రాయకపోతే ఆ టైమ్‌టేబుల్‌కు అర్థమే ఉండదు.

చివరగా, ఇది ఇన్‌చార్జ్ టీచరు తలనొప్పితో ఆగిపోయే విషయం కాదని గుర్తుంచుకోవాలి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 గంటల బోధన ఉండాలంటుంది. అంటే రోజుకు సుమారు నాలుగున్నర గంటలు. గ్రూపు తప్పుపడి, తమ భాష టీచరు ఆ సమయానికి దొరకక, వారానికి 6 పీరియడ్లు పక్కవాళ్ల పాఠంలో ఊరికే కూర్చునే పిల్లలను ఊహించండి. పీరియడ్ 45 నిమిషాలైతే అది సరిగ్గా నాలుగున్నర గంటలు. వారానికి ఒక పూర్తి రోజు చదువు వాళ్లకు పోయినట్టే. ఇలా నష్టపోయేది ఎప్పుడూ సంఖ్యలో తక్కువున్న పిల్లలే. ఎక్కువమంది చదివే సబ్జెక్టులో తప్పు దొర్లితే తరగతి గోల చేస్తుంది, ఆ పూటకే సర్దుబాటు అవుతుంది. ఎనిమిది మంది సంగతి ఎవరి కళ్లకూ ఆనదు. టీచర్లకూ ఇందులో వాటా ఉంది. అదే చట్టం టీచరుకు వారానికి 45 గంటల పనిని నిర్దేశించి, పాఠం తయారీ సమయాన్ని అందులోనే కలిపింది. తప్పు గ్రూపులను రోజువారీ అడ్జస్ట్‌మెంట్లతో పూడ్చే బడిలో ముందుగా హరించుకుపోయేది ఆ లీజర్ పీరియడే.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో జెనరేట్ బటన్ నొక్కే ముందు రెండు కూడికలు చేయండి. ప్రతి చిన్న గ్రూపుకూ వారానికి ఎన్ని పీరియడ్లు వచ్చాయో, ప్రతి టీచరుకూ ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. 48 దాటినవి ఉంటే తప్పు అక్కడే దొరుకుతుంది. టైమ్‌టేబుల్ వచ్చిన తర్వాత సెక్షన్ల షీట్లు గోడకు అంటించి ఊరుకోకండి. ఫెట్ లాంటివి చిన్న గ్రూపుల వారీగానూ షీట్లు ఇస్తాయి. అందరికన్నా తక్కువమంది ఉన్న గ్రూపు షీటు తీసి, అందులో ఒక పిల్లవాడి పేరు అనుకుని, సోమవారం మొదటి పీరియడ్ నుంచి శనివారం చివరి పీరియడ్ దాకా అతను ఏ గదిలో, ఎవరి దగ్గర ఉంటాడో వేలుపెట్టి చదవండి. ఆ పిల్లవాడి వారం సజావుగా సాగితే మిగతా బడి టైమ్‌టేబుల్‌ను చాలావరకు నమ్మవచ్చు. ఆ గ్రూపుల పట్టికను, ఎందుకు అలా విడగొట్టారన్న ఒక్క వాక్యంతో సహా, స్కూలు రికార్డుల్లో దాచండి. వచ్చే ఏడాది ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా పని అక్కడి నుంచి ముందుకు సాగుతుంది.